కేకల పరీక్ష

సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఒక మేడ మీద కూర్చుని లోయిస్ చేసే ఉద్యోగం ఏమిటో ఆమె తండ్రి దయానందం గారికి ఇన్నేళ్ళయినా అంతుబట్టలేదు. ఆయన రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై సంత్రాగాఛిలో సొంత ఇల్లు కట్టుకున్న మనిషి. చర్చిలో ఎవరైనా అడిగితే "మా అమ్మాయి కంప్యూటర్లకి కాపలా కాస్తాది" అనేవారు. ఆమాటకొస్తే ఇంతకంటే బాగా చెప్పడం ఆవిడ పైఅధికారి వల్ల కూడా కాదు.

లోయిస్ పనిచేసే కంపెనీ ఆసుపత్రుల తరఫున, బడుల తరఫున జనానికి ఫోన్లు చేసి కబుర్లు చెబుతుంది. రేపు మీ డాక్టరు ఇన్నింటికి చూస్తారు, ఎల్లుండి మీవాడి పరీక్ష, ఇలాంటివి. ఫోన్లు చేసేది మనుషులు కాదు, కంప్యూటర్లు. ఆ కంప్యూటర్లు కూడా కంపెనీవి కావు. ఎక్కడో ఉండి ఇంటర్నెట్‌లో పనిచేసే మూడు వేర్వేరు క్లౌడ్‌లలో అద్దెకు తీసుకున్నవి. మూడెందుకని అడిగితే సూటిగా జవాబు చెప్పేవాళ్ళు లేరు. మొదట ఒకటి ఉండేది. తర్వాత వచ్చిన ఓ పెద్ద ఖాతాదారు మాకు ఫలానా క్లౌడే కావాలని పట్టుబట్టాడు. మూడోది ఎవరో ఇంజనీరు సరదాకి తెరిచి, మూత పెట్టకుండా వెళ్ళిపోయాడు. వంటింట్లో డబ్బాలు పోగైనట్టు పోగయ్యాయి.

ఈ మూడింట్లో ఏ మెషిన్ నడుస్తోంది, ఏది ఆయాసపడుతోంది, ఏది ఊరికే గుడ్లప్పగించి కూర్చుంది, ఇవన్నీ ఒకే తెర మీద కనిపించేట్టు చేసింది లోయిస్. బాగున్నవి పచ్చగా, బాగులేనివి ఎర్రగా ఉంటాయి. ఎవరివో తెలియనివి బూడిద రంగులో ఉంటాయి. ప్రతి మెషిన్‌కీ యజమానిగా ఒక మనిషి పేరు ఉండాలని కంపెనీ నియమం. పేరు లేని బూడిద గళ్ళను ఏరెయ్యడం ఈమధ్య ఆమె పని.

ఏరడానికి ఆ టీములో ఒక పద్ధతి ఉంది. ముందు మెషిన్‌ను ఆపుతారు. ఆపి చెవులు రిక్కించి కూర్చుంటారు. దాంతో పనున్నవాడెవడో ఒకడు "నా పని ఆగిపోయింది బాబోయ్" అని కేక వేస్తాడు. అప్పుడు దాన్ని మళ్ళీ నడిపించి, కేక వేసినవాడి పేరు దాని మీద రాస్తారు. రెండు వారాల్లో ఎవరూ అరవకపోతే అది ఎవరికీ అక్కర్లేదని తేలినట్టే, మొత్తం చెరిపేస్తారు. లోకంలో చాలా కంపెనీలు చేసేదే ఇది. వీళ్ళ టీము పెద్ద మృత్యుంజయ మాత్రం బెంగాలీవాడు కనుక దీనికి చేంచామేచి టెస్ట్ అని పేరు పెట్టాడు. చేంచామేచి అంటే అరుపులూ కేకలూ.

"కలకత్తాలో ఇంతకంటే మంచి పరీక్ష లేదు" అనేవాడు మృత్యుంజయ. "ఇక్కడ దేన్నయినా ఆపి చూడు. కుళాయి ఆపు, బస్సు ఆపు, పానీపూరీలమ్మే పుచ్కా బండి ఆపు. టీ చల్లారేలోపు నలుగురు పోగై చేంచామేచి మొదలెడతారు. అరవని మనిషి ఈ ఊళ్ళో పుట్టలేదు."

లోయిస్ ఈ ఊళ్ళోనే పుట్టింది. ఆ సంగతి అప్పుడు ఆమెకు తట్టలేదు.

ఆ నెల ఆపిన బూడిద గళ్ళలో మూడో క్లౌడ్‌లో ఉన్న ఒక బుల్లి మెషిన్ ఉంది. రోజంతా నిద్రపోయి సాయంత్రం కాసేపు లేచి కూర్చుంటుంది. చేసే ఫోన్లు గుప్పెడు. పైగా దానికో రోగం. కబురు చెప్పడం అయిపోయినా లైను వదలకుండా రెండేసి, మూడేసి నిమిషాలు పట్టుకునే ఉంటుంది. ఎవడో సరిగ్గా రాయని ప్రోగ్రాము అయివుంటుందని విసుక్కుంది లోయిస్. దాన్ని తెరిచింది అభిజిత్ అని తేలింది. అతను ఉద్యోగం మారి పుణె వెళ్ళి చాలాకాలమైంది. అయినా ధర్మానికి అడిగి చూసింది. "గుర్తులేదు లోయిస్, ఏదో డెమో అయ్యుంటుంది, పీకెయ్" అని జవాబిచ్చాడు. ఆపేసింది.

రెండు వారాలు గడిచాయి. పిట్ట అరిస్తే ఒట్టు. సోమవారం ఉదయం దానంతట అదే చెరిగిపోయేట్టు గడువు పెట్టి, శనివారం నిశ్చింతగా ఇంటికి వెళ్ళింది.

ఆదివారం తీరిక దొరకడం ఆమెకు అరుదు. ఆ వారం దొరికింది కాబట్టి తండ్రితో కలిసి రెండు బస్సులు మారి లిలువాలో ఉన్న తెలుగు చర్చికి వెళ్ళింది. లిలువా వర్క్‌షాపులో పని కోసం శ్రీకాకుళం, బొబ్బిలి వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కట్టుకున్న చర్చి అది. లోయిస్ తాత కూడా ఆ వచ్చినవాళ్ళలో ఒకడు. ఇప్పటి పిల్లలు బెంగాలీలో పోట్లాడుకుని హిందీలో రాజీపడతారు గానీ, పాటలు మాత్రం తెలుగులో పాడతారు. లోయిస్‌కి తెలుగు చదవడం వచ్చిందంటే పాటల పుస్తకం, బైబిలు చలవే.

ఆ చర్చిలో ముసలివాళ్ళకు లోయిస్ అంటే వల్లమాలిన ప్రేమ. కనిపిస్తే తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు. "ఎంత పనిలో ఉన్నా మమ్మల్ని మర్చిపోవు తల్లీ" అంటారు. ఎండు చేపలో, కజ్జికాయలో పొట్లం కట్టి దయానందం గారి చేతికి ఇస్తారు. ఆయన ఇదంతా తన మంచితనానికి దక్కిన గౌరవమనుకుని తీసుకునేవారు. లోయిస్ కూడా అలాగే అనుకుని చేపలు తినేది.

పాట అయ్యాక ఫెలిక్స్ పాస్టరు గారు ఎప్పటిలాగే ప్రార్థన విన్నపాలు ఉన్నవాళ్ళు లేచి చెప్పమన్నారు. కష్టంలో ఉన్నవాళ్ళ పేరు పైకి చెబితే, అందరూ కలిసి ఆ మనిషి కోసం గొంతెత్తి ప్రార్థిస్తారు. ఒకరు కొడుకు ట్రాన్స్‌ఫరు గురించి చెప్పారు. ఒకావిడ మోకాళ్ళ గురించి చెప్పింది. తర్వాత ముందు వరసలోంచి బంగారయ్య లేచాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ముసలాయన. మూత్రపిండాలు చెడిపోయి ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడు. చూపు కూడా అంతంత మాత్రమే.

"మన దయానందం గారమ్మాయి లోయిస్‌కి గొంతు పోనాది. మాటొచ్చీటట్టు అందరూ గట్టిగా ప్రార్థన సెయ్యండి" అన్నాడు.

చర్చి అంతా వెనక్కి తిరిగింది. ఇప్పుడే ఆడవాళ్ళ వైపు కూర్చుని పాట అంతా ఎలుగెత్తి పాడిన లోయిస్ నోరు తెరుచుకుని ఉండిపోయింది. పాస్టరు గారు ఆమెను చూశారు, బంగారయ్యను చూశారు. కానీ విన్నపం వచ్చేసింది. వచ్చిన విన్నపాన్ని వెనక్కి పంపే అలవాటు ఆ చర్చిలో లేదు. అందరూ కళ్ళు మూసుకుని ఆమె గొంతు కోసం ఒక్కసారిగా ప్రార్థించారు. ఏం చెయ్యాలో తెలియక లోయిస్ కూడా కళ్ళు మూసుకుంది.

ఆరాధన అయ్యాక, బయట రేకుల షెడ్డు కింద అందరూ టీ తాగుతుండగా ఆమె సరాసరి బంగారయ్య దగ్గరికి వెళ్ళింది.

"తాతా, నా గొంతుకేటైంది?"

"ఓలమ్మ! మాటొచ్చీసింది!" బంగారయ్య టీ గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ పైకెత్తాడు. "దేవుడికి స్తోత్రం. ఇంత జల్దీ ఇంటాడనుకోనేదు."

"నా గొంతు ఎప్పుడు పోయింది తాతా? ఎవులు చెప్పారు నీకు?"

"ఎవులో సెప్పాలేటి? రెండు వారాలై నువ్వు ఫోన్లు మానీసినావు కదా. ఒంట్లో బాగుంటే నువ్వు మానవు. గొంతే పోయుంటాదని బుధవారం కూడికలో కూడా ప్రార్థన సేసినాం."

"ఏ ఫోన్లు?"

బంగారయ్య ఆమె వంక జాలిగా చూశాడు. గొంతుతో పాటు జ్ఞాపకశక్తి కూడా పోయిందనుకున్నట్టున్నాడు. నిటారుగా నిలబడి, గొంతు సన్నం చేసుకుని చెప్పాడు. "నమస్కారం. నేను. లోయిస్‌ను. మీ డయాలిసిస్. రేపు. ఉదయం. ఏడు గంటలకు. ఇలగ ఆగి ఆగి సెప్తావు కదా. కాయితం సూసి సెప్తంది పాపం, ఎంతమందికి సెప్పాలో అనుకునీవోళ్ళం. ఆపీసులో కూకుని బైబిలు సదివినట్టు ఎంత చక్కగా సెప్తాదో అంటాది మీ జూలియత్త."

లోయిస్‌కి అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట ఆఫీసులో ఒక చిన్న గదిలో, చప్పుడు రాకుండా తలుపుకు దుప్పటి కట్టి, అభిజిత్ ఆమె ముందు మైకు పెట్టాడు. హౌరాలో ఒక ట్రస్టు ఆసుపత్రికి డెమో చూపించాలి, తెలుగు గొంతు కావాలి అన్నాడు. అంకెలు విడిగా, ఉదయం సాయంత్రం విడిగా, గంటలకు అన్న మాట విడిగా చదివించాడు. మధ్యలో పేరు చెప్పాల్సిన చోట ఏదో ఒక పేరు చెప్పెయ్యమంటే తన పేరే చెప్పింది. చివర్లో కొంచెం ఆగి "ధన్యవాదాలు" అంది. ఆ తర్వాత టీకి వెళ్ళారు. డెమో ఏమైందని అడగను కూడా అడగలేదు. అది డెమోగా ఆగిపోలేదన్నమాట. మూడో క్లౌడ్‌లో ఓ మూల కూర్చుని, ఆమె పేరుతో, ఆమె గొంతుతో, ఇన్నేళ్ళూ ఫోన్లు చేస్తూనే ఉంది. ఆ ఆసుపత్రి తరఫున బెంగాలీ ఫోన్లు మొదటి క్లౌడ్ నుంచి, హిందీ ఫోన్లు రెండో క్లౌడ్ నుంచి వెళ్ళేవి. అవి బాగానే నడుస్తున్నాయి కాబట్టి ఆసుపత్రి లెక్కలో అంతా పచ్చగానే కనిపిస్తోంది. తెలుగువాళ్ళు గుప్పెడు మందే కాబట్టి వాళ్ళ ఫోన్లు ఆగిన సంగతి ఎవరి కంటా పడలేదు.

"మరి ఫోన్ రాకపోతే ఆస్పత్రిలో అడగలేదేటి తాతా?" ఆమెకు ముందు వచ్చింది కోపమే. "గట్టిగా అడగాలి కదా! అరవాలి కదా!"

"ఎవుల మీద అరవాల?" బంగారయ్య తెల్లబోయాడు. "మంచమేసి, రక్తం కడిగి పంపిస్తన్నారు. అదే పదివేలు. ఆళ్ళ మీద అరిస్తే రేపు రావద్దంటే? నీ మీద అరవాలంటే నువ్వు మా పిల్లవి. పొద్దున్నే ఎల్లి కూకుంటన్నాం. ఎప్పుడు పిలిస్తే అప్పుడే. మీ జూలియత్తకే, పాపం, శుక్రవారం మంచం దొరకనేదు. ఆరుకే పిలిచినారంట. ఈవిడ ఎల్లేసరికి తొమ్మిదైపోనాది. మంచం ఇంకొకలకి ఇచ్చీసినారు. కాళ్ళు పొంగీసి ఇయ్యాల చర్చికి కూడా రానేదు."

పక్కనే ఉన్న దయానందం గారు టీ తాగడం ఆపేశారు. ఊరు కాని ఊరు, మనం గొంతెత్తకూడదు అని కూతురికి చిన్నప్పటి నుంచీ నేర్పింది ఆయనే. ఆయనకు వాళ్ళ నాన్న నేర్పాడు. మూడు తరాలుగా ఆ కుటుంబాలు కుళాయి ఆగితే బావికి వెళ్ళాయి, రైలు ఆగితే నడిచి వెళ్ళాయి. ఏదన్నా చెప్పుకోవాలనిపిస్తే ఆదివారం దేవుడికి చెప్పుకున్నాయి. అక్కడ మాత్రం చర్చి కప్పు ఎగిరిపోయేట్టు అరుస్తారు. ఆ అరుపు లోయిస్ తెర మీద కనిపించే ఏర్పాటు ఏదీ లేదు.

జూలియా దయానందం గారి అక్క. కొడుకు వినయ్ కుమార్‌కు వర్క్‌షాపు వాళ్ళిచ్చిన క్వార్టరులో ఉంటుంది. చర్చి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. లోయిస్ వెళ్ళేసరికి ఆవిడ రెండు కాళ్ళూ స్టూలు మీద పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. మాట్లాడుతుంటే మధ్యమధ్య ఎగశ్వాస వస్తోంది.

"రేపు ఎలగైనా తప్పకూడదన్నాది నర్సు" అంది జూలియా. "రేపూ తప్పితే ఊపిరి ఆడదంట. తెల్లారకుండానే ఎల్లి కూకుంటానులే."

లోయిస్ అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేసింది. రేపు ఎవరికి ఏ వేళ అన్నది సాయంత్రానికి గానీ తేలదని, తేలగానే కంప్యూటరులో ఎక్కిస్తామని చెప్పింది అక్కడి అమ్మాయి. "చింత పడకండి దిది, పేషెంటుకి ఫోన్ వస్తుంది" అని ధైర్యం కూడా చెప్పింది. లోయిస్ ఫోన్ పెట్టేసి అత్త వైపు తిరిగింది.

"అత్తా, నేను ఫోన్ మానేస్తే నన్నెందుకు అడగలేదు? నా నంబరుంది కదా నీ దగ్గర."

"బంగారయ్య గొంతు పోయిందన్నాడు గానీ నేననుకోనేదే. నీకు విసుగొచ్చీసిందనుకున్నాను." జూలియా నవ్వడానికి ప్రయత్నించింది. "ఎన్నాళ్ళని సేస్తాది, పిల్లకి దాని బతుకుంది కదా అనుకున్నాను. అడిగితే మొహమాటానికి మళ్ళీ సేస్తావు. అలగొద్దు."

అక్కడే చెప్పేద్దామని నిజం లోయిస్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పాదాలు చూసి చెప్పలేకపోయింది. "సాయంత్రం ఫోన్ చేస్తానత్తా. టైము చెప్తాను" అని మాత్రం అంది.

"సేస్తావేటి?" ఆవిడ ముఖంలో వెలుగు వచ్చింది. లోయిస్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

తండ్రిని అక్కడే ఉంచి లోకల్ ట్రైన్‌లో హౌరా వచ్చి, బస్సెక్కి సెక్టర్ ఫైవ్ చేరింది. ఆదివారం మధ్యాహ్నం ఆ వీధులు బోసిగా ఉన్నాయి. రోజూ క్యూలు కట్టే భోజనాల బడ్డీల మీద నీలం పట్టాలు కప్పి ఉన్నాయి. ఆఫీసులో గార్డు తప్ప ఎవరూ లేరు. తెర తెరిచి చూస్తే అన్నీ పచ్చగా, ప్రశాంతంగా ఉన్నాయి. మూడో క్లౌడ్ మూలలో ఆ బుల్లి మెషిన్ బూడిద రంగులో, పక్కన "రేపు తొలగింపు" అన్న ముక్కతో ఉంది.

ముందు ఆ గడువు రద్దు చేసింది. తర్వాత మెషిన్‌ను నడిపించడానికి మీట మీదికి వేలు పోనిచ్చి, చటుక్కున ఆగింది. ఆసుపత్రి రెండు వారాలుగా పంపిన కబుర్లన్నీ దాని గుమ్మంలో వరస కట్టి ఉన్నాయి. ఇప్పుడు లేపితే అది నిద్రమొహంతో ముందు ఆ పాతవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పేస్తుంది. రేపు ఏడు గంటలకు. రేపు పదకొండు గంటలకు. రేపు ఆరు గంటలకు. ఎన్నడో దాటిపోయిన రేపులన్నీ ఒకే సాయంత్రం. వేరేవాళ్ళయితే విసుక్కుని పెట్టేస్తారు. ఈ ముసలివాళ్ళు అలా కాదు. లోయిస్ చెప్పిందంటే అన్ని వేళలకీ వెళ్ళి కూర్చుంటారు.

మృత్యుంజయకు ఫోన్ చేసింది. ఇంట్లో మాంసం కూర ముందు కూర్చున్నట్టున్నాడు, ముందు విసుక్కున్నాడు. విషయం విన్నాక కంచం పక్కకి జరిపిన చప్పుడైంది.

"మరి ఎవరూ అరవలేదే?" అన్నాడు.

"అరిచారు దాదా. మనకి కాదు."

"సరే. దాన్ని ఇవాళ లేపొద్దు. పాతవి ఏరి పారెయ్యాలంటే ఇద్దరం కూర్చోవాలి, తొందరలో కొత్తవి కూడా పోతాయి. నేను పొద్దున్నే వస్తాను. కానీ ఇవాళ్టి ఫోన్లెలా?"

"అవి నేను చేస్తాను."

"ఎలా?"

"ఫోన్‌తోనే" అంది లోయిస్.

ఆమె ఎదురుచూస్తూ కూర్చుంది. ఆ బూడిద గడి మీద యజమాని పేరు రాయాల్సిన చోట ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ తన పేరు రాసింది. అసలు అది మొదటి నుంచీ ఆ పేరే చెప్పుకుంటోంది కదా. సాయంత్రం కాఫీ తాగుతుండగా ఆసుపత్రి నుంచి మరునాటి కబుర్లు వచ్చి వరసలో చేరాయి. తెలుగు పేర్లు కొన్ని ఉన్నాయి. జూలియాకు ఉదయం ఆరు గంటలు. ముందు మిగిలినవాళ్ళకు చేసి, అత్తకు చివర చేద్దామనుకుంది. అత్తతో తీరిగ్గా మాట్లాడాలి.

మొదట బంగారయ్య. "నమస్కారం తాతా, నేను లోయిస్‌ని. రేపు నీకు పొద్దున్న పదకొండింటికి" అంది.

"అలగేనమ్మా, పదకొండుకి" అన్నాడు బంగారయ్య, ఆగకుండా. "ఇయ్యాల కోడలు సేపల పులుసెట్టింది. ఉప్పు తక్కువే ఏసిందిలే, కంగారు పడకు. ఎడం కాలు తిమ్మిరెక్కుతంది గానీ పర్లేదు. మా సిన్నోడు నాలుగు రోజులై నాతో మాటాడ్డం నేదు. నువ్వు మనసులో పెట్టుకుని ప్రార్థన సెయ్యి. దేవుడు నిన్ను దీవించును గాక." టక్కున పెట్టేశాడు.

జవాబు కోసం ఆయన క్షణం కూడా ఆగలేదు. ఆగితే ఏమీ రాదని అలవాటైపోయింది. తర్వాత ఫోన్ అందుకున్న ఒకావిడ నిద్ర పట్టడం లేదని, మందు మార్చమని అడగడానికి భయంగా ఉందని చెప్పి పెట్టేసింది. ఇంకొకాయన చనిపోయిన భార్య గురించి ఒక్క మాట చెప్పి, "సరేనమ్మా, నీకు పనుంటాది" అని పెట్టేశాడు. అందరూ అంతే. వేళ వినడం, ఒంటి సంగతి చెప్పడం, ఇంటి సంగతి చెప్పడం, దీవించడం, పెట్టెయ్యడం. పని అయిపోయినా లైను వదలని రోగం మెషిన్‌ది కాదని అప్పుడర్థమైంది. అవతల మనుషులు మాట్లాడుతున్నారు కాబట్టి లైను తెరిచి ఉంది. ఆ రెండేసి, మూడేసి నిమిషాలను ఆమె తెర మీద గీతలుగా చూసి విసుక్కుంది.

చివరికి అత్తకు చేసింది.

"అత్తా, రేపు ఉదయం ఆరింటికి. ఆరుకే. అక్కడ మంచం నీ పేరు మీద ఉంటుంది."

"అలగే. ఆరుకి" అంది జూలియా. "మీ నాన్న ఇక్కడే ఉన్నాడు, టీవీ సూస్తన్నాడు. నాకు కాళ్ళు సాయంత్రానికి ఇంకా బరువెక్కినాయి. అదేం పర్లేదు, రేపు దిగిపోతాయి..."

"ఆయాసం ఎలా ఉంది అత్తా? పడుకుంటే వస్తోందా?"

జూలియా టీవీ తగ్గించమని తమ్ముడికి చెప్పడం వినిపించింది.

"ఇదేటే, తిరిగి మాటాడతన్నావు ఇయ్యాల?"

"మాట్లాడుతున్నాను అత్తా."

"ఎప్పుడూ ధన్యవాదాలు అనీసి ఊరుకుంటావు. ఆ తర్వాత ఎంత మాటాడినా ఉలకవు, పలకవు. పనిలో ఉండి ఇంటంది కామోసు అనుకునేదాన్ని."

లోయిస్ కళ్ళు తుడుచుకుంది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"అత్తా, ఇన్నాళ్ళూ నీకు ఫోన్ చేసింది నేను కాదు. నా గొంతు ఒకసారి పట్టి పెట్టుకున్నారు. దాన్ని ముక్కలు ముక్కలుగా అతికి మెషిన్ వినిపించేది. అందుకే అలా ఆగి ఆగి వచ్చేది. ఆ మెషిన్‌ని రెండు వారాల కిందట నేనే ఆపేశాను. అది మీకోసం పనిచేస్తోందని నాకు తెలీదు. శుక్రవారం నీకు మంచం దొరక్కపోవడానికి కారణం నేనే."

వెనక నుంచి టీవీ మాటలు, దూరంగా ఏదో గూడ్సు బండి వెళుతున్న చప్పుడు వచ్చాయి.

"మిషనా" అంది జూలియా మెల్లగా.

"ఊఁ."

"మరి నేను సెప్పినవన్నీ ఎవులు ఇన్నారే?"

ఆ మెషిన్‌కు నోరే గానీ చెవులు లేవు. అవతల నుంచి వచ్చిన మాటలను దాచే ఏర్పాటు అందులో ఎవరూ పెట్టలేదు. లోయిస్ ఎంత వెతికినా దొరకవు.

"ఎవరూ వినలేదు అత్తా" అంది.

"సూదికి భయమేస్తంది, ఒక్కపాలి తోడు రాయే అని అడిగినాను" అంది జూలియా. "ఎప్పుడో, మొదట్లో. నువ్వు కొంచెం ఆగి ధన్యవాదాలన్నావు. ఆలోసించి సెప్పినావనుకున్నాను." ఆవిడ నవ్వింది. "పోనీలే, కుదరదు కామోసు అని మళ్ళీ ఇంకోసారి అడిగినాను. మళ్ళీ ధన్యవాదాలే. ఇంక అడగనేదు."

లోయిస్ ఏడుస్తున్నట్టు అవతలికి తెలిసిపోయింది.

"ఏడవకే. నాకిప్పుడు బాగున్నాది" అంది జూలియా. "రాననుకున్నావేమో అని కదా ఇన్నాళ్ళూ బాధ. నీకు ఇనపడనే నేదు."

"రేపు అయిదింటికల్లా మీ ఇంట్లో ఉంటాను అత్తా. ఇద్దరం కలిసి వెళ్దాం. సూది వేసేటప్పుడు నేను పక్కనే కూర్చుంటాను."

"ఆపీసో?"

"మృత్యుంజయ దాదా చూసుకుంటాడు. నేను తర్వాత వెళ్తాను."

లైను తెరిచే ఉంది.

"సరేగానీ, అప్పుడే ఫోను పెట్టీకు" అంది జూలియా. "సెప్పినవన్నీ మళ్ళీ సెప్పుకోవాల కదా. నీకు పనుందేటి?"

"లేదు. చెప్పత్తా."

"మొదటి నుంచా?"

"మొదటి నుంచే" అంది లోయిస్, కుర్చీ దగ్గరికి లాక్కుని.

"అయితే ఇను. మొదటి రోజు నువ్వు ఏడు గంటలకు అన్నావు. నేను నాలుగుకే లేసి తలంటుకుని కూకున్నాను. పెళ్ళికెల్తన్నావేటమ్మా అని ఎక్కిరించినాడు మా వినయ్..."